మెడకు నప్పిన జాలీ

దవడ కింద వేలు ఆనిస్తే కొట్టుకునేది కారోటిడ్ ధమని. మెదడు ముందు భాగానికి నెత్తురు మోసేది అదే. అది రెండుగా చీలే చోట కొవ్వూ సున్నమూ పేరుకుని దారి ఇరుకవుతుంది. అక్కణ్ణుంచి నలుసంత ముక్క ఊడి మెదడులోకి కొట్టుకుపోతే చాలు, పక్షవాతం.

1953లో హ్యూస్టన్‌లో మైకేల్ డిబేకీ ఓ బస్సు డ్రైవరు మెడ కోసి, ధమని తెరిచి, లోపల పేరుకున్న పెచ్చును ఒలిచి తీశారు. ఆ ఆపరేషన్ మేలు రుజువు కావడానికి 1991 దాకా పట్టింది. ఆ ఏడు వెలువడిన పరీక్షలో, అప్పటికే పక్షవాతపు సూచనలు కనిపించి, ధమని 70 శాతానికి పైగా పూడుకున్నవారిలో, మందులతోనే నెట్టుకొచ్చిన వాళ్లలో 26 శాతం మందికి రెండేళ్లలో అదే వైపు పక్షవాతం వచ్చింది. ఆపరేషన్ అయినవాళ్లలో 9 శాతానికే.

కొయ్యకుండానే దారి తెరవాలన్న ఆశతో, నాళాన్ని తెరిచి ఉంచే జాలీ గొట్టం, స్టెంట్ వచ్చింది. మొదట్లో వాడినవి బెలూన్‌తో ఉబ్బించే స్టీలు జాలీలు. గుండె నాళాలకు పక్కటెముకల గూడు కాపలా ఉంది, మెడకు అది లేదు. మెడను తిప్పుతాం, వంచుతాం, నొక్కుకుంటాం. స్టీలు జాలీ ఒకసారి నలిగిందంటే నలిగినట్టే ఉండిపోతుంది. దీనికి జవాబు నిటినాల్. అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో విలియం బ్యూలర్ క్షిపణి కొనకు తగిన లోహం వెతుకుతుండగా దొరికిన నికెల్, టైటానియం మిశ్రమం ఇది. నలిపి సన్నని గొట్టంలో దూర్చి, గజ్జ దగ్గరి ధమని గుండా మెడదాకా తోసి వదిలితే తనంతట తానే విచ్చుకుంటుంది. ఒంటి వేడి దగ్గర నొక్కినా మళ్లీ లేస్తుంది. ఊడిన నలుసులను పట్టడానికి మెదడు వైపున ఓ చిన్న గొడుగులాంటి వడపోత కూడా పెడతారు. అయితే ఆ గొడుగు తన చోటికి చేరాలంటే ముందు ఆ ఇరుకునే దాటాలి.

2010లో వెలువడిన క్రెస్ట్ పరీక్షలో స్టెంట్‌నూ ఆపరేషన్‌నూ 2,502 మందిలో పోల్చారు. పక్షవాతం, గుండెపోటు, మరణం కలిపి లెక్కేస్తే నాలుగేళ్లకు స్టెంట్‌తో 7.2 శాతం, ఆపరేషన్‌తో 6.8 శాతం. ఇంచుమించు సమానమని చాలామంది అన్నారు. నాకు మాత్రం ఆ మొత్తాన్ని విడదీసి చూడాలనిపిస్తుంది. చికిత్స జరిగిన తొలిరోజుల్లో పక్షవాతం స్టెంట్‌తో 4.1 శాతం, ఆపరేషన్‌తో 2.3 శాతం. గుండెపోటు దీనికి తిరగబడింది: 1.1, 2.3. ఏడాది తర్వాత కూడా రోగులను ఎక్కువగా కుంగదీసింది పక్షవాతమే. చెయ్యి స్వాధీనం తప్పినవాడి దగ్గర పక్షవాతాన్నీ గుండెపోటునూ ఒకే తూకంలో ఎలా వేస్తాం?

వయసు కూడా తేడా చూపింది. సుమారు 70 ఏళ్లకు లోపు స్టెంట్ మెరుగ్గా, ఆ పైన ఆపరేషన్ మెరుగ్గా కనిపించాయి. ముసలితనంలో గుండె పైనున్న మహాధమని మెలికలు తిరిగి, సున్నం పట్టి ఉంటుంది. గజ్జ నుంచి వచ్చే గొట్టం ఆ మెలికల్లో రాసుకుంటూ వెళ్లి ముక్కలు రాలుస్తుంది.

ఆ దారినే తప్పించే పరికరానికి 2015లో అమెరికాలో అనుమతి దొరికింది. కాలరెముక పైన చిన్న గాటు పెట్టి, ధమనిని బిగించి, నెత్తుటిని కాసేపు వెనక్కి మళ్లించి, బయట వడగట్టి తొడ సిరలోకి పంపుతారు. రాలిన నలుసు మెదడువైపు పోదు. స్టెంట్‌ను నేరుగా అక్కణ్ణుంచే లోపలికి దించుతారు. కత్తిని తప్పించడానికి పుట్టిన జాలీ, మళ్లీ మెడ మీద ఓ చిన్న గాటు దగ్గరికే వచ్చింది.