సిగ్నల్ తగ్గితే చార్జింగ్ ఎందుకు దిగుతుంది?

హైదరాబాద్‌లో ఫోన్ నిండా చార్జింగ్ పెట్టుకుని శ్రీశైలం బస్సెక్కినవాళ్లు చాలామంది ఈ సంగతి గమనించే ఉంటారు. మన్ననూరు దాటి నల్లమలలోకి వెళ్లాక ఫోన్ జేబులోంచి తియ్యరు, వీడియో చూడరు, ఎవరితోనూ మాట్లాడరు. అయినా దోమలపెంట చేరేసరికి చార్జింగ్ బాగా దిగిపోయి, ఫోన్ చేతికి వెచ్చగా తగులుతుంది. బ్యాటరీ పాడైందనుకుని మార్పించుకునేవాళ్లూ ఉన్నారు. చాలాసార్లు బ్యాటరీలో ఏ లోపమూ ఉండదు. అడవి దారిలో సిగ్నల్ సరిగా అందదు, అంతే.

ఫోన్ టవర్ చెప్పింది వింటే సరిపోదు, తిరిగి బదులివ్వాలి. టవర్‌కి కరెంటుంది, పెద్ద యాంటెన్నా ఉంది. ఫోన్‌కి ఉన్నది చిన్న బ్యాటరీ ఒక్కటే. పక్క మడిలో ఉన్న మనిషితో మామూలుగానే మాట్లాడతాం, నాలుగు గట్లవతల ఉన్నవాణ్ని గొంతెత్తి పిలుస్తాం. ఫోన్ చేసేదీ అదే. ఎంత బలంగా పంపాలో టవరే ఎప్పటికప్పుడు చెబుతుంటుంది. టవర్ దగ్గరుంటే మిల్లీవాట్‌లో చిన్న వంతుతో పని జరిగిపోతుంది. దూరమయ్యేకొద్దీ మామూలు 4జీ ఫోన్ 200 మిల్లీవాట్ల దాకా పెంచుతుంది. అంత గాలిలోకి పంపడానికి ఫోన్‌లోని ఆంప్లిఫయర్ బ్యాటరీ నుంచి రెండు మూడు రెట్లు లాక్కుంటుంది. మిగిలినదంతా వేడిగా పోతుంది. జేబులో ఉన్న ఫోన్ వెచ్చబడేది అందుకే.

గీతల్ని చూసి సిగ్నల్ అంచనా వేస్తే పొరపాటు పడతాం. ఎంత సిగ్నల్‌కి ఎన్ని గీతలు చూపాలో ఒక్కో కంపెనీ ఒక్కోలా పెట్టుకుంటుంది. సెట్టింగ్స్‌లో ఫోన్ వివరాలున్నచోట సిమ్ స్టేటస్ తెరిస్తే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో డీబీఎం అని ఒక అంకె కనిపిస్తుంది. అది మైనస్‌లో ఉంటుంది. మైనస్ 80 దగ్గరుంటే బాగున్నట్టు, మైనస్ 110 దాటితే కష్టపడుతున్నట్టు. తేడా 30 అంకెలే కదా అనిపిస్తుంది గానీ, ఈ లెక్కలో ప్రతి 10కీ సిగ్నల్ పదో వంతుకి పడిపోతుంది. అంటే మైనస్ 110 దగ్గర అందేది వెయ్యో వంతు. వీధి గుమ్మంలో నిలబడి ఒకసారి, వంటింటి మూల ఒకసారి చూడండి. శ్లాబు, రేకులు, మందపాటి గోడలు ఎంత మింగేస్తున్నాయో ఆ అంకెలే చెబుతాయి.

సిగ్నల్ అసలు లేనిచోటికంటే, వచ్చీ పోతూ ఉండేచోటే చార్జింగ్ ఎక్కువ పోతుందని నా అభిప్రాయం. అసలు లేకపోతే ఫోన్ 700 మెగాహెర్ట్జ్ నుంచి 3,500 దాకా తనకు తెలిసిన బ్యాండ్లన్నీ వెతికి, కాసేపటికి వెతకడం తగ్గిస్తుంది. అంచున ఉంటే ఆ విరామమూ దొరకదు. టవర్ చిక్కగానే నమోదు చేసుకుంటుంది, జారిపోగానే మళ్లీ మొదలు. కొత్తవలస నుంచి అరకు వెళ్లే రైల్లో సొరంగం వెంట సొరంగం వస్తుంటే ఫోన్‌కి జరిగేది ఇదే. రెండు సిమ్‌లుంటే ఈ వెతుకులాట రెండింటికీ.

ఎక్కువమందికి తెలియని ఖర్చు ఇంకొకటుంది. చిన్న మెసేజ్ వచ్చినా ఫోన్ రేడియో నిద్ర లేస్తుంది. మెసేజ్ రావడానికి క్షణం చాలు. కానీ వెంటనే ఇంకేమైనా వస్తుందేమోనని సుమారు 10 సెకన్లపాటు రేడియో మెలకువగానే ఉంటుంది. ఆ పది సెకన్లు గడిచాక ఒక యాప్, మరికాసేపటికి ఇంకో యాప్ లేపుతుంటే, వాడకం లేకుండానే గంటలో చాలా భాగం రేడియో మేలుకునే గడుపుతుంది. గ్రూపుల్లో వచ్చే ఫొటోలు వాటంతటవే డౌన్‌లోడ్ కాకుండా ఆపితే, ఊరకే వార్తలు తెచ్చే యాప్‌ల బ్యాక్‌గ్రౌండ్ డేటా కట్టేస్తే తేడా తెలుస్తుంది.

మన దేశంలో 2022 అక్టోబర్ 1న 5జీ మొదలయ్యాక తప్పంతా దానిదేనన్న మాట వినిపిస్తోంది. అది పూర్తి నిజం కాదు. సిగ్నల్ బలంగా ఉంటే పెద్ద ఫైలు త్వరగా దిగిపోయి రేడియో త్వరగా విశ్రాంతి తీసుకుంటుంది. చిక్కు ఎక్కడంటే, 3,500 మెగాహెర్ట్జ్ తరంగాలు గోడల్లోంచి సరిగా దూరవు. పైగా కొన్ని నెట్‌వర్క్‌లలో 4జీని పట్టుకునే 5జీ నడవాలి, రెండు రేడియోలూ పనిచేయాలి. ఇంట్లో 5జీ వచ్చీ పోతుంటే ఫోన్‌ని 4జీకి కట్టడి చెయ్యడమే మేలు.

ఇంట్లో వైఫై ఉంటే వైఫై కాలింగ్ ఆన్ చేసుకోండి. రూటర్ పక్క గదిలోనే ఉంటుంది కాబట్టి కాల్ కోసం ఫోన్ దూరపు టవర్‌తో అంతగా తంటాలు పడక్కర్లేదు. అడవి దారిలో, సొరంగాల్లో ఎయిర్‌ప్లేన్ మోడ్ మంచి ఉపాయం. కానీ ఊళ్లో ఒంటరిగా ఉండే అమ్మానాన్నలకు రాత్రిపూట అది నేర్పకండి. వాళ్ల ఫోన్ ఏ అర్ధరాత్రి అయినా మోగాలి. డీబీఎం అంకె ఏ కిటికీ దగ్గర బాగుందో ఈసారి ఊరెళ్లినప్పుడు చూసి, ఆ కిటికీ పక్కనే ప్లగ్ పాయింట్ పెట్టించి రండి.