బొటనవేలికి చోటేదీ?

ఫోన్‌లో తెలుగు కీబోర్డు తెరిచి ‘స్త్రీ’ అని కొట్టి చూడండి. కంటికి కనిపించేది ఒక్క అక్షరమే. లోపల మాత్రం ఆరున్నాయి: స, పొల్లు, త, మళ్లీ పొల్లు, ర, చివర గుడిదీర్ఘం. చాలా కీబోర్డుల్లో ఆరుసార్లూ వేలు సరైన చోటే పడాలి. అందుకే మనలో చాలామంది ‘ఎలా ఉన్నావ్’ని ఇంగ్లిష్ అక్షరాల్లో లాగించేస్తారు. భాష మీద ప్రేమ లేక కాదండీ. టచ్‌స్క్రీన్ల మీద పనిచేసే ఇంజినీరుగా నాకు కనిపించేది చోటు సమస్యే.

ఆండ్రాయిడ్ యాప్‌లో నొక్కాల్సిన చోటు కనీసం 48 డీపీ, అంటే సుమారు 9 మిల్లీమీటర్లు ఉండాలని గూగుల్ డిజైన్ సూచన. మరి 2007 నాటి మొదటి ఐఫోన్ తెర వెడల్పు దాదాపు 5 సెంటీమీటర్లు. వరసకి పది కీలంటే ఒక్కోదానికి 5 మిల్లీమీటర్లు కూడా రాలేదు. అయినా జనం టైప్ చేశారు కదా! కిటుకు ఏంటంటే, కనిపించే కీ వేరు, వేలిని పట్టుకునే చోటు వేరు. ఇంగ్లిష్‌లో ‘టీ’, ‘హెచ్’ కొట్టగానే తర్వాత ‘ఈ’ రావొచ్చని ఊహించి, దాని చోటుని సాఫ్ట్‌వేర్ గుట్టుగా పెంచుతుంది. బొమ్మ మాత్రం మారదు.

వేలు కింద ఉన్నది కనపడకపోవడం ఇంకో తలనొప్పి. 2007లోనే డేనియల్ వోగెల్, పాట్రిక్ బాడిష్ ‘షిఫ్ట్’ అనే పద్ధతి చూపించారు. వేలు కప్పేసిన భాగాన్ని కాస్త పక్కన బుడగలో చూపించడమే అది. తర్వాత క్రిస్టియన్ హోల్జ్‌తో కలిసి బాడిష్ తేల్చింది నాకు మరీ నచ్చుతుంది: మనం గురిపెట్టేది వేలి పైభాగాన్ని, గోటిని చూసుకుని. తెర లెక్కపెట్టేదేమో కింద గాజుకి ఆనిన కండని. అదీ తేడా!

తెలుగు దగ్గరికొస్తే, ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ కంప్యూటర్ కీబోర్డు కోసం పుట్టింది. దాన్ని అలాగే ఫోన్‌లోకి దింపితే వరసకి పదికి మించి కీలు ఇరుక్కుంటాయి. కొన్ని కీబోర్డులు తెలివిగా, ‘క’ నొక్కగానే పై వరసని కా, కి, కీ, కు అని మార్చేస్తాయి. బళ్లో నేర్చుకున్న గుణింతమే! స్థానాలు మారవు కాబట్టి వేలికి అలవాటవుతుంది. నా ఓటు దీనికే.

వత్తులకి మాత్రం ఇంకా పొల్లు కీ వెతుక్కోవాలి. హల్లు మీద వేలు కిందికి జారిస్తే వత్తు పడేలా చేయొచ్చు. కాగితం మీదా వత్తుకి చెయ్యి కిందికే కదా వెళ్లేది. కానీ గ్లైడ్ టైపింగ్ ఆన్‌లో ఉంటే, ఆ జారుడు ఇంకో అక్షరానికని కీబోర్డు పొరబడుతుంది. కీ ఎత్తులో సగం దాటకముందే వేలు లేపితే వత్తు, దాటితే గ్లైడ్ అని విడదీయొచ్చు. ఆ సగం ఎంతవరకు నిలుస్తుందో కిక్కిరిసిన సిటీ బస్సులో ఒంటిచేత్తో ‘స్త్రీ’ కొట్టిస్తేనే తెలుస్తుంది.