రాయబారి నుండి మంత్రి దాకా: కె.ఆర్. నారాయణన్ విదేశాంగ దృష్టి

కె.ఆర్. నారాయణన్ అనగానే మన హాస్టళ్లలో ఒకే మాట వినిపిస్తుంది: దళితుల నుండి వచ్చిన మొదటి రాష్ట్రపతి. క్విజ్ పోటీకి ఆ మాట చాలు. కానీ అంతకుముందు దాదాపు ముప్ఫై ఏళ్లు విదేశాంగ సర్వీసులో ఆయన చేసిన పని ఏమిటో పీజీకి వచ్చేదాకా మాకూ తెలియదు.

1920లో కేరళలోని ఉళవూరులో నిరుపేద ఇంట పుట్టారు. రోజూ మైళ్లకొద్దీ నడిచి బడికి వెళ్లేవారు. ఫీజు కట్టలేక తరగతి బయట నిలబడి పాఠం విన్న రోజులున్నాయి. టాటా స్కాలర్‌షిప్‌తో 1945లో లండన్ వెళ్లి హెరాల్డ్ లాస్కీ వద్ద చదివారు. తిరిగి వచ్చేటప్పుడు లాస్కీ ఆయనకు నెహ్రూ పేర పరిచయ లేఖ ఇచ్చారు. నెహ్రూను కలిసినపుడు నారాయణన్ దాన్ని ముందుగా చూపలేదు. మాటలన్నీ అయ్యాక, సెలవు తీసుకుంటూ చేతికిచ్చారు. సిఫారసు జేబులో ఉంచుకుని మనలో ఎందరం అలా ఆగగలం? 1949లో ఆయన సర్వీసులో చేరారు.

1964 అక్టోబరులో చైనా అణుబాంబు పేల్చింది. అప్పుడు విదేశాంగ శాఖలో చైనా విభాగం చూస్తున్న నారాయణన్, మనమూ బాంబు తయారుచేసుకోవాలని నోట్ రాశారు. దీనిపై మా గదిలో ఒక రాత్రంతా వాదన జరిగింది. బడులకే డబ్బు చాలని దేశానికి బాంబు ఎందుకని కొందరం అన్నాం. ఇప్పటికీ మాకు ఏకాభిప్రాయం లేదు.

అయితే గమనించవలసింది ఆ తరువాతి సంగతి. 1961లో మనం బీజింగ్ నుండి రాయబారిని వెనక్కి పిలిపించాం. మరుసటి ఏడాది యుద్ధం వచ్చింది. పదిహేనేళ్లపాటు అక్కడ కింది హోదా అధికారులే నెట్టుకొచ్చారు. 1976లో మళ్లీ రాయబారిని పంపాలనుకున్నప్పుడు ఎంపికైనది నారాయణనే. రాయబారి వెళ్లినంత మాత్రాన సరిహద్దు తగాదా తీరదు, తీరలేదు కూడా. కానీ పెద్ద స్థాయిలో మాట్లాడుకునే దారి తెరుచుకుంది. 1979లో విదేశాంగ మంత్రి వాజ్‌పేయి, 1988లో ప్రధాని రాజీవ్ గాంధీ చైనా వెళ్లారు. బలం ఉండాలి, మాటా సాగాలి. ఈ రెండూ ఆయనకు విరుద్ధాలు కావని మా అభిప్రాయం.

1980 నుండి 1984 వరకు అమెరికాలో రాయబారిగా ఉన్నారు. 1984 చివర ఒట్టపాలెం నుండి లోక్‌సభకు గెలిచి, 1985లో విదేశాంగ శాఖ సహాయ మంత్రి అయ్యారు. కేబినెట్ మంత్రి కాదు. పోటీ పరీక్షలు రాసే మిత్రులు ఈ తేడా మరువరాదు.

2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ వచ్చారు. ప్రపంచంలోకెల్లా ప్రమాదకరమైన చోటు మన ఉపఖండమేనని అంతకుముందే ఆయన అని ఉన్నారు. రాష్ట్రపతి భవన్ విందులో, ఎదురుగా అతిథి ఉండగానే, ఇలాంటి మాటలు శాంతిని చెడగొట్టేవారికే ఊతమిస్తాయని నారాయణన్ చెప్పారు. ప్రపంచం ఒక గ్రామమైనంత మాత్రాన దానిని ఒక్క ఊరిపెద్దే ఏలతాడని కాదని, ఒక ఆఫ్రికా నాయకుని మాటగా అన్నారు. మాట ఎవరిదైనా, ఊరిపెద్ద అంటే ఏమిటో చిన్ననాడే చూసిన మనిషి నోట అది వేరుగా ధ్వనించింది.

రెండు నెలలు తిరగగానే, మే నెలాఖరున, ఒకప్పుడు రాయబారిగా ఉన్న బీజింగ్‌కు ఆయన రాష్ట్రపతిగా వెళ్లారు.