ఆఫీసు కంప్యూటర్‌లో 'ఇంటి దొంగ'.. యాంటీవైరస్‌కూ దొరక్కపోవచ్చు! ఎలా గుర్తించాలి? వెంటనే ఏం చేయాలి?

అనంతపురం: ఆఫీసు మెయిల్‌కు 'ఇన్‌వాయిస్' అని ఒక ఫైల్ వచ్చింది. ఓపెన్ చేశారు. ఒక నల్ల విండో అలా మెరిసి మాయమైంది. యాంటీవైరస్ ఏమీ అనలేదు. 'ఏదో ఎర్రర్‌లే' అని వదిలేశారా? అయితే ఇది మీరు తప్పక తెలుసుకోవాలి.

ఇదంతా హైదరాబాద్, బెంగళూరు ఐటీ కంపెనీల గొడవ, మనకెందుకు అనుకోవద్దు. 2019లో ఏపీ, తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థలపై రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. వెబ్‌సైట్లు ఆగిపోయాయి. అనంతపురానికి కరెంటు ఇచ్చే ఏపీఎస్పీడీసీఎల్ కూడా ఆ జాబితాలో ఉంది. వాన మొహం చాటేసిన ఏడాది మన రైతుకు పంట బీమా డబ్బులు పడేది బ్యాంకు ఖాతాలోనే. ఆ ఖాతాల లెక్కలన్నీ ఉండేది కంప్యూటర్లలోనే.

రెండు క్లిక్‌లు.. రూ.12.48 కోట్లు

హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంక్ కేసు చూడండి. పోలీసులు చెప్పిన ప్రకారం.. 2021 నవంబర్‌లో బ్యాంకు ఉద్యోగులకు 200కు పైగా నకిలీ మెయిల్స్ వచ్చాయి. ఇద్దరు క్లిక్ చేశారు. అంతే, దూరం నుంచే కంప్యూటర్‌ను ఆడించే 'ర్యాట్' అనే ప్రోగ్రామ్ లోపలికి దూరింది.

డబ్బు పోయింది మాత్రం 2022 జనవరిలో, సెలవు రోజులు చూసుకుని. రూ.12.48 కోట్లు వేర్వేరు ఖాతాల్లోకి మళ్లాయి. 938 ఏటీఎంల నుంచి నగదు తీసేశారు. సైబర్ భద్రతా లోపాలకు గాను 2023లో ఆర్బీఐ ఆ బ్యాంకుకు రూ.65 లక్షల జరిమానా వేసింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. క్లిక్‌కీ, దోపిడీకీ మధ్య దాదాపు రెండు నెలల టైమ్ ఉంది. ఆ రెండు నెలల్లో ఎవరైనా పసిగట్టి ఉంటే కథ వేరేలా ఉండేది.

యాంటీవైరస్ ఎందుకు పట్టుకోలేదు?

స్క్రిప్ట్ అంటే కంప్యూటర్‌కు వరుసగా ఇచ్చే ఆదేశాల చీటీ. విండోస్‌లో 'పవర్‌షెల్' అనే టూల్ వీటిని నడుపుతుంది. ఐటీ సిబ్బంది రోజూ వాడేది ఇదే. హ్యాకర్లూ దాన్నే వాడుకుంటారు. కొన్నిసార్లు డిస్క్‌లో వైరస్ ఫైల్ అంటూ ఏదీ ఉండదు, ఆదేశాలు నేరుగా మెమరీలోనే నడిచిపోతాయి. ఫైల్స్‌ను మాత్రమే వెతికే యాంటీవైరస్‌కు ఇంకేం దొరుకుతుంది? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా.. అలాంటిదే ఇది.

ఈమధ్య ఇంకో మోసం వచ్చింది. 'మీరు రోబో కాదని నిరూపించండి' అంటూ వెబ్‌పేజీ కనిపిస్తుంది. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి, పేస్ట్ చేసి, ఎంటర్ కొట్టమంటుంది. అలా చేస్తే హ్యాకర్ స్క్రిప్ట్‌ను మీ చేత్తో మీరే నడిపినట్టు. నిజమైన క్యాప్చా ఎప్పుడూ ఇలా అడగదు.

ఈ గుర్తులు కనిపిస్తే అనుమానించాల్సిందే

• వర్డ్ లేదా ఎక్సెల్ ఫైల్ తెరవగానే పవర్‌షెల్ స్టార్ట్ కావడం. లెక్కల ఫైల్‌కు దానితో మామూలుగా పని ఉండదు.
• అర్థం కాని పొడవాటి అక్షరాల గుంపుతో ఆదేశాలు నడవడం.
• అకౌంట్స్ సెక్షన్ కంప్యూటర్ అర్ధరాత్రి తెలియని సర్వర్‌తో మాట్లాడటం.
• ఎవరూ పెట్టని కొత్త షెడ్యూల్డ్ టాస్క్, కొత్త అడ్మిన్ అకౌంట్ కనిపించడం.

ఇవి తెలియాలంటే రికార్డు ఉండాలి. విండోస్‌లో 'స్క్రిప్ట్ బ్లాక్ లాగింగ్' ఆన్ చేస్తే పవర్‌షెల్‌లో నడిచిన ఆదేశాలు ఈవెంట్ నంబర్ 4104 కింద నమోదవుతాయి. మీ ఐటీ సిబ్బందిని ఇవాళే అడగండి: 'మన దగ్గర ఇది ఆన్‌లో ఉందా?'

అనుమానం వస్తే.. వరుసగా ఇవి చేయండి

1. ముందు నెట్ కేబుల్ పీకేయండి, వైఫై ఆపండి. పక్క కంప్యూటర్లకు పాకకుండా ఉంటుంది.
2. స్విచ్ ఆఫ్ చేయొద్దు, ఫార్మాట్ అసలే వద్దు. మెమరీలోని ఆధారాలు పోతాయి. ఫైల్స్ కళ్లముందే లాక్ అవుతూ, నెట్ తీసే దారి లేకపోతే మాత్రం ఆఫ్ చేయండి.
3. స్క్రీన్‌ను ఫోన్‌తో ఫొటో తీయండి. టైమ్ రాసుకోండి. ఐటీ వాళ్లకు ఫోన్ చేయండి.
4. పాస్‌వర్డ్‌లు మార్చండి. అదీ వేరే, శుభ్రమైన కంప్యూటర్ నుంచే.
5. అదే మెయిల్ ఇంకెవరికి వచ్చిందో, ఎవరు క్లిక్ చేశారో వెతకండి.
6. డబ్బు పోతే వెంటనే 1930కి కాల్ చేయండి.

2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు ఇలాంటి దాడులను గుర్తించిన 6 గంటల్లోపే తెలియజేయాలి. లాగ్‌లు 180 రోజులు దాచాలి.

చివరగా యజమానులకు ఒక మాట. క్లిక్ చేసిన ఉద్యోగిని అందరి ముందు తిడితే, రేపు ఇంకొకరు భయపడి దాచేస్తారు. హ్యాకర్‌కు కావాల్సింది కూడా అదే. 'సార్, తప్పు ఫైల్ నొక్కినట్టున్నా' అని అప్పటికప్పుడు చెప్పగలిగే ఆఫీసులోనే దొంగ త్వరగా దొరుకుతాడు.