సవన్నా పొలాల్లో షియా చెట్టు: కనిపించని క్షీణత

బుర్కినా ఫాసో, మాలి, ఉత్తర ఘనా సవన్నాలలో పొలం కోసం అడవి కొట్టే రైతు షియా, నేరే చెట్లను మాత్రం వదిలివేస్తాడు. షియా గింజల నుంచి వెన్న తీస్తారు. నేరే గింజలను పులియబెట్టి సుంబాలా అనే వంట దినుసు చేస్తారు. తక్కిన జాతులు తగ్గినా ఇవి నిలవడానికి కారణం ఈ ఎంపికే. అయితే నిలిచిన చెట్లను లెక్కించి వృక్షసంపద క్షేమమనుకోవడం పొరపాటు. షియా కాపుకు రావడానికి సాధారణంగా 15 ఏళ్లకు పైగా పడుతుంది. పూర్వం ఏళ్ల తరబడి బీడుగా వదిలిన నేలలోనే దాని మొలకలు ఎదిగేవి. జనాభాతోపాటు పత్తి సాగూ పెరిగి ఆ విరామం కుదించుకుపోయింది. నాగలికి, పశువులకు, మంటలకు తట్టుకొని మిగిలే లేత మొక్కలు తక్కువ. పొలాల్లో ఎక్కువగా కనిపించేవి ముదురు చెట్లే. గింజలు ఏరి వెన్న తీసేది స్త్రీలు. నేలను ఎన్నేళ్లు బీడుగా ఉంచాలన్న నిర్ణయం మాత్రం సాధారణంగా వారి చేతిలో లేదు.