తాళం వేశాను, చెవి మరిచాను

మాది టెక్కలి. అక్కనిచ్చినది ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు దాపున. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు వాళ్ళ యింటి రేకులు యెగిరిపోయినవి. కొబ్బరి, జీడి తోటలు పడిపోయినందుకు బావ యేడవలేదు. ట్రంకుపెట్టెలో నాని అట్టకట్టిన కాగితాలు చూసి మాత్రం కూలబడ్డాడు. అవి ఆయన మూత్రపిండాల పరీక్షల రిపోర్టులు.

ఉద్దానంలో ఆ జబ్బు సంగతి మీరు వినే వుంటారు. క్రియాటినిన్ యీవేళ యెంతో తెలిస్తే చాలదు. నిరుడెంత, అంతకుముందెంత అని డాక్టరు అడుగుతాడు. జబ్బు నడుస్తున్నదా, పరుగెడుతున్నదా అనేది ఆ అంకెల వరసలోనే వుంటుంది.

"ఏటి సేద్దుం బామ్మరిదీ?" అన్నాడు బావ.

ఆరిన కాగితాలన్నీ ఫోనుతో ఫొటోలు తీసి మా యింటి కంప్యూటరులో యెక్కించాను. "జిప్పు చేసి నాకూ పంపెయ్యి మావయ్యా" అన్నాడు విశాఖలో వున్న మేనల్లుడు. ఫోల్డరు మీద మౌసు కుడిమీట నొక్కితే ఆ సదుపాయం కనిపిస్తుంది. వేరే కొనవలసిన పని లేదు.

జిప్పు కిటుకు పాత కరణాల దస్తావేజులు చూసినవారికి ఇట్టే తెలుస్తుంది. పేరూ వూరూ ఒకసారి రాసి, ఆపైన 'సదరు' అంటారే! యంత్రమూ అంతే. వచ్చిన మాట మళ్ళీ వస్తే, "వెనక్కి యింతదూరం వెళ్ళి తెచ్చుకో" అని గుర్తు పెడుతుంది. 1977లో లెంపెల్, జివ్ అనే యిద్దరు యీ పద్ధతి ప్రకటించారు. 1989లో ఫిల్ కాట్జ్ జిప్పుకు రూపమిచ్చాడు. బావ జీడిపిక్కల లెక్కలు అలా బాగా చిక్కినవి. రిపోర్టుల ఫొటోలు మాత్రం దాదాపు వున్నంతా వున్నవి! ఫొటోను ఫోనే ముందుగా కుదించి దాస్తుందట. పలాసలో వొలిచిన జీడిపప్పును మళ్ళీ వొలిస్తే యేం రాలుతుంది? అయినా అన్నీ ఒక్క మూటగా విశాఖ చేరినవి.

తర్వాత నాకొక బుద్ధి పుట్టింది. మేనకోడలికి సంబంధాలు చూస్తున్న రోజులు. ఆ కంప్యూటరు మీద వీధి పిల్లలంతా ఆడుతారు. తండ్రి జబ్బు నలుగురి నోటా పడితే? ఫోల్డరు 'ప్రాపర్టీస్'లో 'అడ్వాన్స్‌డ్' నొక్కితే రెండు గడులున్నవి. ఒకటి కుదించటానికి, ఒకటి తాళానికి. రెండూ ఒకేసారి కుదరవు. తాళపు గడి విండోస్ హోమ్ రకంలో పనిచేయదు. మాది ప్రో రకం. తాళం పడింది. నా పేరుతో తెరిస్తే ఫైళ్ళు మామూలుగానే వచ్చినవి, పిల్లల పేరుతో రాలేదు. తాళంచెవి వేరే దాచుకోమని తెర మూలనుంచి ఒక చీటీ వచ్చింది. మూసేశాను.

2022లో యంత్రం మొరాయించింది. దుకాణంలో విండోస్ కొత్తగా వేసి యిచ్చారు. వేరే డ్రైవులో వున్న ఫైళ్ళ పేర్లు కనిపిస్తున్నవి, ఒక్కటీ తెరుచుకోదు. చెవి పాత విండోస్‌లోని నా ఖాతాలో వుండి, దానితోనే పోయింది. అదే పేరు, అదే పాస్‌వర్డు మళ్ళీ పెట్టినా కొత్త ఖాతా కొత్తదేనట! ఆ వారమే కొత్త డాక్టరు పాత అంకెలు తెమ్మన్నాడు. నేను బావ మొహం చూడలేకపోయాను.

తాళానికి ముందు పంపిన జిప్పు మేనల్లుడి దగ్గర దొరికింది. విండోస్ కట్టే జిప్పుకు సొంత తాళం వుండదు. అది వుత్త మూటే, యెవరైనా విప్పవచ్చు. ఆ లోపమే మమ్మల్ని కాచింది! తర్వాతి రిపోర్టులలో కొన్ని ల్యాబులో మళ్ళీ తీయించాము, కొన్ని పోనే పోయినవి. డాక్టరు గీసిన గీతలో ఒకచోట ఖాళీ వుండిపోయింది.

యీసారి మళ్ళీ తాళం వేసి, చెవిని పాస్‌వర్డుతో సహా పెన్‌డ్రైవులోకి దింపి అక్క చేతికిచ్చాను. పసుపుగుడ్డలో కట్టి ట్రంకుపెట్టెలో పెట్టబోయింది.

"అందులో వద్దే! మళ్ళీ గాలివాన వస్తే?" అన్నాడు బావ.