కన్ఫ్యూషియసు నీతిలో మానవత్వము – ఆచారము

కన్ఫ్యూషియసు (క్రీ. పూ. 551–479) బోధలయందు 'రెన్', 'లీ' అను రెండు పదములు మాటిమాటికి కానవచ్చును. రెన్ అనగా మానవత్వము. దానిని వ్రాయు చీనా సంకేతమున 'మనిషి', 'రెండు' అను గుర్తులు కలసియున్నవి. లీ అనగా మొదట దేవతలకును పితరులకును చేయు క్రతువు. పిదప వందనము, వస్త్రధారణము, శోకదీక్ష మున్నగు సమస్త మర్యాదయు ఆ పేర చేరెను. దీనిని 'ఆచార'మందుమా, శుష్కక్రియయని తోచును. 'మర్యాద' యందుమా, అందలి పవిత్రత జారిపోవును. కావున మూలపదములనే గ్రహించుచున్నాము.

వీనిలో నేది ప్రధానము? రెన్ లేనివానికి లీతో పనియేమని 'లున్ యూ' 3వ అధ్యాయమున గురువు ప్రశ్నించును. 12వ అధ్యాయమున యెన్ హుయికి బదులు చెప్పుచు, ఆత్మనిగ్రహముతో లీకి మరలుటనే రెన్ గా నిరూపించును. హెర్బర్ట్ ఫింగరెట్ అను అమెరికా తత్త్వవేత్త 1972లో ప్రకటించిన గ్రంథమున లీకే పెద్దపీట వేసెను. సూత్రములను పట్టుకొనినచో ఈ చిక్కు విడదు. రెండు సందర్భములను పోల్చి చూతము.

నారకుళ్లాయి ధరించుట లీ. జనులు పొదుపునకై పట్టుకుళ్లాయిని ధరింపసాగిరి. (పట్టు చౌకయగుట యెట్లన, నారకుళ్లాయికి మిక్కిలి సన్నని నేత కావలసియుండెనని వ్యాఖ్యాతలందురు.) గురువు దీనికి సమ్మతించెను. మండపము దిగువనే ప్రభువునకు మ్రొక్కుట లీ. జనులు పైకెక్కి మ్రొక్కసాగిరి. అది గర్వమని, లోకమునకు విరుద్ధమైనను తాను దిగువనే మ్రొక్కుదునని ఆయన యనెను.

త్సాయ్ వో కథ ఇంతకంటె క్లిష్టము. తల్లిదండ్రులకై మూడేండ్ల శోకదీక్ష (లెక్కకు 25 నెలలు) అధికమని, ఏడాది చాలునని ఆ శిష్యుడు వాదించెను. మన 'అశౌచము' మైలకు సంబంధించినది. ఇది దుఃఖమునకు సంబంధించినదని గుర్తింపవలెను. అంతకాలము విడిచినచో లీయు సంగీతమును చెడునని, పంటయు ఏడాదికే తిరిగివచ్చునని అతని హేతువులు. గురువు వాని జోలికే పోలేదు. ఆ దినములలో మంచి యన్నము తిని, మేలివస్త్రము కట్టిన నీ మనసు కుదుటగా నుండునా యని మాత్ర మడిగెను. ఉండునని శిష్యుడనగా, అట్లయిన చేయుమనెను. అతడు వెడలిన పిదప, వీనికి రెన్ లేదని, బిడ్డ తల్లిదండ్రుల యొడి విడుచుటకు మూడేండ్లు పట్టునని చెప్పెను.

ఇచట లీని పాటింపజేయునది శిక్ష కాదు, మనసునకు కలుగు ఇబ్బంది. అయితే ఆ ఇబ్బందికి మూడేండ్ల కొలత నిచ్చినది లీయే గదా! ఒడిలో పెరిగిన కాలమునే దుఃఖకాలముగా నిర్ణయింపనిచో, ఋణ మింతయని బిడ్డకు తెలియు మార్గమేది? అందుచే రెన్ ను గింజగను లీని పొట్టుగను భావించు వ్యాఖ్యానములు మాకు తృప్తి నీయవు. కుళ్లాయి మారినను వినయము చెడలేదు. దీక్షను తగ్గించినచో ఋణపు కొలతయే పోవును.

మనసు కుదుటపడినవానిని ఏమి చేయవలెనను ప్రశ్న మిగిలియే యున్నది. టాంగు రాజుల న్యాయసంహిత (క్రీ. శ. 653) తల్లిదండ్రుల మరణమును దాచి దీక్ష పట్టనివానిని ఘోరాపరాధులలో చేర్చెను. లున్ యూలో అట్టిది లేదు. 11వ అధ్యాయమున, వాక్చాతుర్యముగల మేటిశిష్యులను పేర్కొనుచోట, త్సాయ్ వో పేరు నిలిచియే యున్నది.